ఇంజిన్ ఆగాక నాలుగు నిమిషాలు

(విజయవాడలో ఇంజినీరింగ్ విద్యార్థుల ముందు ఒక రిటైర్డ్ ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్ చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్లకు వినపడుతోందా? సరే.

మీ సార్ ఫోన్ చేసి విమాన భద్రత మీద మాట్లాడమన్నారు. అంత పెద్ద సబ్జెక్టు గంటలో అవ్వదండీ, ఒక్క విషయం చెబుతాను అన్నాను. ఒకే ఇంజిన్ ఉన్న చిన్న విమానం, సెస్నా 172 లాంటిది, నలుగురు పట్టేది. గాల్లో ఉండగా దాని ఇంజిన్ ఆగిపోయింది. అప్పుడేమవుతుంది, పైలట్ ఏం చెయ్యాలి? అదీ ఎక్కడో అమెరికాలో కాదు, మన బెజవాడ మీద, మన పొలాల మీద.

ఇంజిన్ ఆగితే విమానం నిలువునా పడిపోతుందని చాలామంది అనుకుంటారు. పడదు. విమానాన్ని మోసేది రెక్క, రెక్కకు కావలసింది దాని మీదుగా పారే గాలి. ఇంజిన్ చేసే పనల్లా ఆ వేగాన్ని ఇవ్వడం. ఇంజిన్ పోయాక ఆ వేగాన్ని ఎత్తు ఖర్చుపెట్టి తెచ్చుకోవాలి. కనకదుర్గ ఫ్లైఓవర్ మీంచి బండి ఇంజిన్ ఆపేసి న్యూట్రల్‌లో దిగారనుకోండి, వాలు ఉన్నంతసేపూ బండి పోతూనే ఉంటుంది. ఇదీ అంతే. పైలట్లు దీన్ని గ్లైడ్ అంటారు.

లెక్క చూద్దాం, మీరు ఇంజినీర్లు కదా. సెస్నా 172 తన ఎత్తుకు సుమారు 9 రెట్ల దూరం జారగలదు. 1,000 అడుగుల ఎత్తుకు 2.7 కిలోమీటర్లు. 3,000 అడుగులకు 8 కిలోమీటర్ల పైచిలుకు. నిమిషానికి సుమారు 700 అడుగులు దిగుతుంది, అంటే చేతిలో ఉన్నది నాలుగు నిమిషాలు. ఇప్పుడు బెంజి సర్కిల్ మీద 3,000 అడుగుల్లో ఇంజిన్ ఆగింది. గన్నవరం రన్‌వే అక్కడికి తిన్నగా కొలిచినా 15 కిలోమీటర్లు ఉంటుంది. "గన్నవరం ఎంత దూరం, లాగేద్దాం" అనుకున్న పైలట్ నిడమానూరు దగ్గరికొచ్చేసరికి ఎత్తంతా అయిపోతుంది. కింద హాస్టళ్లు, అపార్టుమెంట్లు, పక్కనే హైవే. అదే పైలట్ మొదటి అర నిమిషంలోనే గన్నవరం మీద ఆశ వదిలేసుకుని దక్షిణంగా పొలాల వైపు తిరిగి ఉంటే, చేతిలో చాలా ఎంపికలు ఉండేవి.

నేనివాళ చెప్పదలచుకున్నది ఇదే. ఇంజిన్ ఆగడం వల్ల చచ్చిపోయేవాళ్లకంటే, ఇంజిన్ ఆగిందని ఒప్పుకోలేక చచ్చిపోయేవాళ్లే ఎక్కువని నా నమ్మకం. రన్‌వే మీద దిగాలి, విమానానికి గీత పడకూడదు, ఓనరు ఏమంటాడో, లైసెన్సు ఏమవుతుందో. ఈ ఆలోచనలే ముక్కు పైకి లాగిస్తాయి. ముక్కు పైకి లాగితే వేగం పోతుంది. వేగం పోతే రెక్క మొయ్యడం మానేస్తుంది. దాన్ని స్టాల్ అంటాం. అదిగో, అప్పుడు మాత్రం మీరనుకున్నట్టే పడిపోతుంది.

అందుకే మొట్టమొదటి పని ముక్కు దించడం. నేల దగ్గరవుతుంటే నేల వైపే ముక్కు దించాలంటే ఒళ్లు ఒప్పుకోదు. ఒప్పించాలి. 172లో మోడల్‌ని బట్టి 65 నుంచి 68 నాట్లు, అంటే గంటకు 120 నుంచి 126 కిలోమీటర్లు. ఆ వేగంలోనే ఎక్కువ దూరం జారుతుంది. అంతకంటే తగ్గించినా దూరం తగ్గుతుంది, పెంచినా తగ్గుతుంది. "కొంచెం ముక్కు లేపితే ఆ గట్టు దాటేస్తాం" అనిపిస్తుంది చూడండి, అది కళ్లు చేసే మోసం.

ఆ మొదటి క్షణాలు ఎలా ఉంటాయో చెబుతాను. సినిమాల్లోలాగా అంతా నిశ్శబ్దం అయిపోదు. ప్రొపెల్లర్ చాలాసార్లు గాలికి తిరుగుతూనే ఉంటుంది. శబ్దం మారుతుంది అంతే. అంతవరకూ ఇంజిన్ మోత కింద వినపడని గాలి చప్పుడు, తలుపు సందులోంచి వచ్చే ఈల, అన్నీ వినపడతాయి. మనిషి బుర్ర "ఇది నిజం కాదులే" అంటుంది. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో హడ్సన్ నది మీద దిగిన ఎయిర్‌బస్ సంగతి మీరంతా విన్నదే. పక్షులు తగిలి రెండు ఇంజిన్లూ పోయాయి, 155 మందీ బతికారు. తర్వాత దర్యాప్తులో సిమ్యులేటర్ల మీద పరీక్షించి చూశారు. పక్షులు తగిలిన క్షణమే వెనక్కి తిరిగితే కొన్నిసార్లు రన్‌వే అందింది. పైలట్‌కు పరిస్థితి అర్థమవ్వడానికి 35 సెకన్లు ఇచ్చి, ఆ తర్వాత తిప్పితే అందలేదు. ఆ విమానం నడిపిన కెప్టెన్ సల్లెన్‌బర్గర్ గొప్పతనం నీళ్ల మీద దించడంలో ఎంత ఉందో, రన్‌వే దక్కదని అంత తొందరగా తేల్చుకోవడంలోనూ అంతే ఉంది.

ముక్కు దించాక, దిగే చోటు చూసుకున్నాక, టైముంటే ఇంజిన్‌ని బతికించే ప్రయత్నం. ఏ ట్యాంకు నుంచి పెట్రోలు రావాలో మార్చే సెలెక్టర్ సరిగ్గా ఉందా, గాల్లో పెట్రోలు పాళ్లు మార్చే మిక్చర్ నిండుగా ఉందా, కార్బురేటర్‌కు వేడి గాలి పంపే కార్బ్ హీట్ వేశామా, స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పుట్టించే మాగ్నెటోలు రెండూ ఆన్‌లో ఉన్నాయా. రేడియో ఆ తర్వాతే. ఆపదలో ఉన్నామని తెలిపే మేడే అన్న మాట మూడుసార్లు చెప్పి, ఎక్కడున్నామో, ఎంతమందిమో చెబితే చాలు. ఏటీసీ, అంటే నేల మీంచి విమానాల రాకపోకలు చూసే వాళ్లు సాయం పంపగలరు కానీ విమానాన్ని పట్టుకోలేరు. మైకు పట్టుకుని కథంతా చెప్పే పైలట్ వేగం చూసుకోవడం మర్చిపోతాడు.

అసలు ఇంజిన్ ఎందుకు ఆగుతుంది? పిస్టన్ విరిగి, షాఫ్టు తెగి ఆగడం కూడా ఉంటుంది, లేదనను. ఈ ఇంజిన్లు పాతకాలం డిజైనే అయినా మొండివి. ఒక్కో సిలిండర్‌కు రెండేసి స్పార్క్ ప్లగ్గులు, రెండు మాగ్నెటోలు. ఒకటి పోయినా రెండోదానితో నడుస్తుంది. సిగ్గుపడాల్సిన కారణం పెట్రోలు. అయిపోవడం, ఒక ట్యాంకులో ఉండి కూడా సెలెక్టర్ ఖాళీ ట్యాంకు మీద ఉండటం, పెట్రోల్లో నీళ్లు కలవడం. 1983లో కెనడాలో ఏకంగా బోయింగ్ 767కే ఈ గతి పట్టింది. దేశం కొత్తగా కిలోల్లోకి మారుతున్న రోజులు. 22,300 కిలోల ఇంధనం కావాల్సిన చోట 22,300 పౌండ్లే ఉంది, అంటే సగం కూడా లేదు. 41,000 అడుగుల్లో పోతుండగా ఇంధనం అయిపోవచ్చి, ఒకదాని తర్వాత ఒకటి రెండు ఇంజిన్లూ ఆగాయి. కెప్టెన్‌కు ఇంజిన్ లేని గ్లైడర్లు నడిపిన అలవాటుంది కాబట్టి, గిమ్లీ అనే చోట మూసేసిన వాయుసేన స్థావరంలో దించాడు. ఆ రన్‌వే మీద ఆ రోజు కార్ల రేసులు జరుగుతున్నాయి! ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు.

నీళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఎగిరే ముందు రెక్క కింద చిన్న వాల్వు నొక్కి, పారదర్శకంగా ఉండే గ్లాసులోకి కాస్త పెట్రోలు పడతాం. ఈ విమానాల పెట్రోలు నీలం రంగులో ఉంటుంది. నీళ్లుంటే అడుగున రంగులేని బుడగలాగా నిలబడతాయి, మధ్యలో గీత కనిపిస్తుంది. వానాకాలం పొద్దున్నే ఇది తప్పనిసరి. ఇందులో ఒక కిటుకుంది. గ్లాసు మొత్తం నీళ్లే వచ్చాయనుకోండి, గీత కనపడదు. "అబ్బ, ఎంత శుభ్రంగా ఉందో" అని పారబోసి ఎక్కేస్తారు. అందుకే గీత ఒక్కటే చూడకూడదు. తెల్ల గోడకు ఎదురుగా పెట్టి నీలం రంగు ఉందో లేదో చూడాలి, వాసన చూడాలి.

ఇంజిన్ ఆగడానికి రెండో కారణం వింటే నవ్వుతారు. ఐసు. విజయవాడలో ఐసా అంటారు. పెట్రోలునూ గాలినీ కలిపే కార్బురేటర్ సన్నని గొంతులో పెట్రోలు ఆవిరవుతుంటే ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు పైగా పడిపోగలదు. గాల్లో తేమ బాగా ఉంటే బయట 30 డిగ్రీలున్నా లోపల మంచు పేరుకుంటుంది. మన డెల్టాలో తేమకు కరువేముంది చెప్పండి. ముఖ్యంగా దిగేటప్పుడు, థ్రాటిల్ తగ్గించి ఉన్నప్పుడు ప్రమాదం. ఇంజిన్ టక్కున ఆగదు, ఆర్‌పీఎం, అంటే నిమిషానికి తిరిగే చుట్లు, మెల్లగా జారుతుంది. మందు కార్బ్ హీట్, అంటే వేడి గాలి పంపడం. అది వెయ్యగానే కరిగిన నీళ్లు ఇంజిన్లోకి పోయి ఇంజిన్ ఇంకా ఎక్కువగా దగ్గుతుంది. కొత్తవాళ్లు హడలిపోయి తీసేస్తారు. తియ్యకూడదు. కాసేపు దగ్గనిస్తే మళ్లీ పుంజుకుంటుంది. 1996 తర్వాత వచ్చిన 172లకు కార్బురేటర్ లేదు, ఫ్యూయల్ ఇంజెక్షనే, వాటికి ఈ బాధ లేదు.

పూర్తిగా ఆగిన ఇంజిన్ కంటే నాకు భయం సగం ఆగిన ఇంజిన్ అంటే. ఆస్ట్రేలియా దర్యాప్తు సంస్థ లెక్క తీస్తే, ఒకే ఇంజిన్ విమానాల్లో ఎగిరిన వెంటనే శక్తి కొంతే పోవడం, మొత్తం పోవడం కంటే సుమారు మూడు రెట్లు ఎక్కువని తేలింది. పూర్తిగా ఆగితే ఏం చెయ్యాలో ట్రైనింగ్‌లో నేర్పిస్తాం. సగం నడుస్తుంటే ఆశ పుడుతుంది. "ఎలాగోలా వెనక్కి వెళ్లిపోదాం" అనిపిస్తుంది.

ఆ వెనక్కి తిరగడం గురించి. రన్‌వే మీంచి లేచి నాలుగైదు వందల అడుగుల్లో ఉన్నారు, ఇంజిన్ పోయింది. వెనకాలే అంత పెద్ద రన్‌వే. తిరిగితే పోలా? బోర్డు మీద గీస్తాను చూడండి. 180 డిగ్రీలు తిరిగితే రన్‌వేకు పక్కగా వస్తారు, దాని మీదికి రారు. ఇంకా తిరగాలి, మళ్లీ అటు సరిచేసుకోవాలి. తిరిగేటప్పుడు విమానం ఎంత వాలితే స్టాల్ వేగం అంత పెరుగుతుంది. 45 డిగ్రీల వాలులో 19 శాతం, 60 డిగ్రీల్లో 41 శాతం. తిన్నగా పోతే 50 నాట్లకు స్టాల్ అయ్యే విమానం, 45 డిగ్రీలు వాలితే దాదాపు 60కే స్టాల్ అవుతుంది. కంగారులో ఉన్న పైలట్ రన్‌వే దాటిపోతున్నానని ఇంకా వాల్చి, ముక్కు లాగుతాడు. రెండూ కలిశాయా, అంతే. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో అయితే గన్నవరంలో నేల మీదే గాలి 3,000 అడుగుల పైన ఉన్నంత పల్చన. ఎత్తు ఎక్కడమే ఆలస్యం, ఇంక తిరగడానికి ఎత్తెక్కడిది? తిన్నగా ముందుకే పోవాలి, కాస్త ఎడమకో కుడికో. ముందు ఏముందో ఎగరకముందే చూసి పెట్టుకోవాలి.

ఇంక పొలాలు. మీలో సగం మంది రైతుల పిల్లలే అయ్యుంటారు, నాకంటే మీకే బాగా తెలుసు. పైనుంచి చూస్తే ఎలా ఉంటుందో నేను చెబుతాను.

అక్టోబరులో పెదపారుపూడి, పామర్రు వైపు చూస్తే అంతా ఒకటే పచ్చదనం. ఎక్కడ దిగినా మెత్తగా ఉంటుందనిపిస్తుంది. కింద బురద. ముక్కు చక్రం కూరుకుపోయి విమానం తలకిందులవుతుంది. తలకిందులైనా 172లో మనుషులు బతికి బయటపడే అవకాశం బాగానే ఉంటుంది. ఒక్క జాగ్రత్త: బెల్టుకు వేలాడుతున్నప్పుడు ఒక చెయ్యి కప్పుకు ఆనించకుండా బకిల్ తీశారో, మెడ మీద పడతారు. డిసెంబరు చివర్లో కోతలయ్యాక నేల గట్టిపడుతుంది. కొయ్యకాళ్ల మధ్య మినుము, పెసర. నేల పరవాలేదు, గట్లే ఇబ్బంది. అడుగెత్తు గట్టు 1,000 అడుగుల పైనుంచి పెన్సిల్ గీత. 300 అడుగులకు దిగాక తెలుస్తుంది అది గట్టని. అందుకని గట్లకు అడ్డంగా కాదు, వాటి వెంబడి దిగాలి, మడి పొడుగున. దుక్కి దున్నిన చేలోనూ చాళ్ల వెంబడే. గడ్డివాములు ఎటున్నాయో ముందే చూసుకోవాలి.

గుంటూరు వైపు నల్లరేగడి మడులు పెద్దవి, అది నయం. కానీ పత్తి, మిర్చి నడుమెత్తు పెరిగాక చక్రాల్ని పట్టేస్తాయి. ఫిబ్రవరి, మార్చిలో ఖాళీ చేలల్లో ఎర్రటి పరుపులు కనపడతాయి. మిర్చి కల్లాలు. చదునుగా, శుభ్రంగా ఉంటాయి. అటు మాత్రం ఎప్పుడూ పోకూడదని నా స్టూడెంట్లకు చెప్పేవాణ్ణి. ఎర్రగా ఉందంటే అక్కడ కాయలు ఏరే ఆడవాళ్లు, పిల్లలు ఉన్నారని అర్థం. విమానం ఎక్కింది మనం, రిస్కు మనది. వాళ్లది కాదు.

కరెంటు తీగలు పైనుంచి కనపడవు. స్తంభాల కోసం వెతకాలి. రెండు స్తంభాలు కనపడితే మధ్యలో తీగ ఉందనే లెక్క. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ నుంచి పెద్ద టవర్లు నాలుగు వైపులా పోతాయి, అవి దూరం నుంచే తెలుస్తాయి. ప్రాణం తీసేది చేలో బోరు మోటారుకు పోయే ఒంటి లైను. గాలి ఎటు వీస్తోందో మాత్రం మన దగ్గర సులువు. థర్మల్ పొగ గొట్టాలు, కొయ్యకాళ్లు తగలబెట్టిన పొగ, చెరువు మీద అలలు.

గాలి దిశ ఎందుకంత ముఖ్యమో లెక్కలో చూడండి. 50 నాట్లతో దిగుతున్నారు, గాలి 10 నాట్లు. ఎదురుగాలిలో నేల మీద వేగం 40. గాలితో పాటు దిగితే 60. గుద్దే శక్తి వేగం వర్గాన్ని బట్టి కదా, 2.25 రెట్లు తేడా. ఇంకోటి. గంటకు 80 కిలోమీటర్ల వేగం నుంచి ఆగడానికి, ఒకే తీరున ఆగితే, 9 జీ, అంటే భూమ్యాకర్షణకు తొమ్మిది రెట్ల దెబ్బ దగ్గర మూడు మీటర్లు చాలు. మూడే! 160 అయితే దానికి నాలుగింతలు కావాలి. రెక్కలు ఒకదానికి తగిలి, చక్రాలు ఇంకోదానికి విరిగి, ఆ మూడు మీటర్లూ ఎలాగోలా సమకూరితే లోపలివాళ్లు నడిచి బయటికొస్తారు. విమానం తుక్కు అయినా ఫరవాలేదు. ఇంజిన్ ఆగిన క్షణం నుంచి విమానం ఇన్సూరెన్సు కంపెనీది, మనుషులు మాత్రం నీ వాళ్లు అని పైలట్లు అంటుంటారు.

ఒక కుర్రాడికి చెకింగ్ చేస్తూ థ్రాటిల్ వెనక్కి లాగి ఇంజిన్ శక్తి తగ్గించేశాను, "ఇంజిన్ పోయింది, ఏం చేస్తావు?" అన్నాను. 1,500 అడుగుల్లో మంచి చేను చూపించాడు. బాగుంది. 800కి వచ్చాక పక్కన ఇంకోటి బాగుందన్నాడు. అటు తిరిగాడు. 500లో దాని చివర టవరు కనపడి మళ్లీ మొదటిదాని వైపు తిరగబోయాడు, అప్పటికి అది వెనక పడిపోయింది. రెండు చేలూ దాటి పోయాయి, వేగం 55 నాట్లు. నేను థ్రాటిల్ తోసి పైకి లేపాను. మొదటి చేలో చిన్న బోదె ఒకటుంది, దాన్ని చూసే వద్దనుకున్నానన్నాడు. ఆ బోదెలో చక్రం విరిగేది, మనుషులకేం కాదు. 1,000 అడుగుల లోపు ఒక చేను ఎంచుకుంటే, పెద్ద ప్రమాదం కనిపిస్తే తప్ప ఇంక మార్చకూడదు.

నేల తాకబోయే ముందు పెట్రోలు కట్టెయ్యాలి, మాగ్నెటోలు ఆఫ్, రెక్క వెనక అంచున ఉండే ఫ్లాప్స్ దించాక, విమానంలో కరెంటంతా ఆపే మాస్టర్ స్విచ్ ఆఫ్. తలుపు గడి తీసి ఉంచాలి. దెబ్బకు ఫ్రేము వంగితే తలుపు బిగుసుకుపోతుంది.

ఎవరో చెయ్యెత్తారు. హైవే మీద దిగడం గురించా? అడుగుతారని తెలుసు. కొరిశపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీద వాయుసేన విమానాలు దిగడానికి ఒక భాగం కట్టారు. 2022 డిసెంబరులో, 2024 మార్చిలో అక్కడ ట్రయల్ కూడా చేశారు. కానీ బాబూ, ఆ రోజుల్లో ట్రాఫిక్ ఆపేశారు, ముందు నుంచీ ఏర్పాట్లున్నాయి. మామూలు రోజున ఆ రోడ్డు మీద లారీ ఉంటుంది, దాని వెనక బైకు మీద మొగుడూ పెళ్లాం, ముందు కూర్చోబెట్టుకున్న పిల్లాడూ ఉంటారు. వాళ్లకు పైనుంచి విమానం వస్తోందని తెలీదు. పక్కన చేను ఉండగా రోడ్డు ఎంచుకోవడాన్ని నేనొప్పుకోను.

కృష్ణా నదిలో దిగడమా? 2024 నవంబరులో పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి సీప్లేన్ ఎగరడం చూసి అడుగుతున్నావు కదా అమ్మా. దానికి నీళ్ల మీద తేలే ఫ్లోట్లున్నాయి, ఇంజిన్లు కూడా రెండు. చక్రాలు బయటికి ఉన్న 172 నీళ్లను తాకితే ముందుకు బోర్లా పడే అవకాశం ఎక్కువ. బతకొచ్చు, కానీ నీళ్లలో తలకిందులుగా బెల్టు విప్పుకుని రావాలి, ఈత రావాలి. బ్యారేజీ దిగువన ఇసుక తిన్నెలు పైనుంచి అందంగా ఉంటాయి. పొడి ఇసుకలో ముక్కు చక్రం దిగబడుతుంది. తడి ఇసుక కొంత నయం. ఏ చేనూ అందకపోతే చూడాలి గానీ, మొదటి ఎంపిక కాదు.

పారాచూట్? ఉంది. సిర్రస్ విమానాల్లో మొత్తం విమానానికే పారాచూట్ ఉంటుంది, హ్యాండిల్ లాగితే రాకెట్ దాన్ని బయటికి తీస్తుంది. మంచి పరికరం. అది తెరుచుకోవడానికీ కొన్ని వందల అడుగుల ఎత్తు కావాలి. కాబట్టి అక్కడా ఆలస్యం చెయ్యకుండా తేల్చుకోవాల్సిందే.

ఆఖరి ప్రశ్న ఎవరిది? మన చేలోనే విమానం దిగితే మనమేం చెయ్యాలి? ఇది నేనే చెప్పాల్సింది, మంచిగా అడిగావు. మొదట బీడీలు, సిగరెట్లు ఆర్పించండి. రెక్కల్లోనే పెట్రోలు ఉంటుంది, కారుతూ ఉండొచ్చు. 112కి ఫోన్ చెయ్యండి. ముందు వైపు నుంచి దగ్గరికి పోవద్దు, ఆగిపోయిన ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పొద్దు. మాగ్నెటోకు బ్యాటరీ అక్కర్లేదు, తిప్పితే అదే కరెంటు పుట్టిస్తుంది. స్విచ్ ఆఫ్‌లో ఉంటే ఆ కరెంటు ఒక వైరు ద్వారా ఎర్త్ అవుతుంది. దెబ్బకు ఆ వైరు తెగి ఉంటే, స్విచ్ ఆఫ్ అని చూపిస్తున్నా సిలిండర్లో మిగిలిన పెట్రోలు అంటుకుని ప్రొపెల్లర్ ఒక్క చుట్టు తిరుగుతుంది. చెయ్యి పోవడానికి ఒక్క చుట్టు చాలు. లోపలివాళ్లను వెనక వైపు నుంచి, పక్క తలుపుల్లోంచి తియ్యండి. నిప్పు లేకపోతే, మాట్లాడగలుగుతుంటే, వెన్నెముక దెబ్బలుంటాయేమో అంబులెన్సు వచ్చేదాకా కదపొద్దు. అందరూ బయటపడ్డాక ఒక్క ముక్క కూడా జరపొద్దు, జ్ఞాపకార్థం తీసుకెళ్లొద్దు. దర్యాప్తు చేసే వాళ్లకు ఫ్యూయల్ సెలెక్టర్ ఏ వైపు ఉందో, ప్రొపెల్లర్ రెక్క ఎటు వంగిందో కూడా కావాలి. రెక్క ముందుకు మెలి తిరిగిందా, వెనక్కి మామూలుగా వంగిందా చూస్తే, తాకేటప్పుడు ఇంజిన్ శక్తితో తిరుగుతోందా లేదా అన్నది చాలావరకు చెప్పగలరు. మీ ఊరి కుర్రాళ్లు ఫొటో కోసం దాని మీద ఎక్కి కూర్చుంటే అదంతా పోతుంది.

సరే, మీ సార్ గడియారం చూపిస్తున్నారు. ఇంకేమైనా అడగాలంటే బయట టీ దగ్గర ఉంటాను, రండి.